అంబే రూరాకి కాస్త నలతగా ఉంది

మా బుంతు తల్లాంగ్ ఊళ్ళో లాజరుకి మంచి పేరు లేదు. పాపం, అందులో అతని తప్పేమీ లేదు. అతన్నీ, అతని అక్కచెల్లెళ్ళనీ ఊరంతా బద్నాం చేసింది మా వదిన ఇందో రూరా.

ఇండోనేషియాలోని మా తొరాజా కొండల్లో పెద్దకొడుకు పుట్టగానే తల్లిదండ్రుల సొంత పేర్లు మూలపడతాయి. కొడుకు రూరా కాబట్టి తల్లి ఇందో రూరా, తండ్రి అంబే రూరా. మా వదిన అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఆవిడ ఇంకా నిక్షేపంలా ఉంది, గొంతు కూడా బాగానే ఉంది, మా ఇళ్ళ మధ్య ఉన్నది వెదురు దడి మాత్రమే.

ఆవిడ చాలా ఏళ్ళు చర్చిలో ఆదివారం బడి నడిపింది. పుస్తకం తెరిచేది కాదు. పుస్తకం ఇండోనేషియా భాషలో ఉంటుంది, పిల్లలు తొరాజాలో అల్లరి చేస్తారు, రెండింటికీ పొత్తు కుదరదు అనేది. నడుం మీద చెయ్యి వేసుకుని, పక్కింటి తగువు చెప్పినట్టు చెప్పేది. బైబిలు కథలన్నిట్లోకీ ఆవిడకి లాజరు కథ మీద మోజు. మోజు అనకూడదు, కోపం.

"అక్కచెల్లెళ్ళిద్దరున్నారు కదర్రా, మార్తా, మరియా. తోడబుట్టినవాడికి జబ్బు చేసింది. ఊపిరి ఆగిందో లేదో, ఆ పూటే మోసుకెళ్ళి గుహలో పడేసి రాయి దొర్లించేశారు! మేనమామలొచ్చారా? రాలేదు. గేదెని కోశారా? లేదు. పోనీ పందిని? అదీ లేదు. వచ్చినవాళ్ళ చేతిలో ఇంత కాఫీ అయినా పెట్టారా? ఎక్కడా రాయలేదు. నాలుగో రోజుకి ప్రభువొచ్చాడు. చూశాడు. ఏడ్చాడు. ఎందుకేడ్చాడు?"

"పందినైనా కొయ్యలేదని!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవారు.

"మరి! అంత పరువుతక్కువ పని చేస్తే ఏడవడూ? అయినా నాలుగు రోజులంటే ఏపాటి? మన దగ్గరైతే అప్పుడే నలత మొదలైనట్టు. వాడెక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాడు. అందుకే పిలవగానే లేచొచ్చాడు. అదీ మెల్లగా పిలిచాడనుకున్నారా? పెద్ద కేకేశాడు. నిద్రమొహాలు మెల్లగా పిలిస్తే లేవవు. మా ఇంట్లో ఒకటుంది, నాకు తెలుసు."

ఈ చదువు ఫలితం రాంతెపావో పట్నంలో బయటపడింది. అన్ని చర్చిల పిల్లలకీ బైబిలు ప్రశ్నల పోటీ పెట్టారు. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఎందుకు కన్నీళ్ళు పెట్టుకున్నాడు అని అడిగారు. మిగతా ఊళ్ళ పిల్లలు తలలు గోక్కుంటుంటే మా ఊరి జట్టంతా లేచి నిలబడి, ఛాతీ విరుచుకుని, పంది సంగతి చెప్పింది. హాలు హాలంతా గొల్లుమంది. మా పిల్లలకి సున్నా వచ్చింది. వాళ్ళు మాత్రం ఊరికి తిరిగొచ్చి, పట్నంవాళ్ళకి బైబిలు రాదని చెప్పారు.

అప్పటి పాస్టరుగారు ముసలాయన, నెమ్మదస్తుడు. మా వదినని పిలిచి కూర్చోబెట్టి, "అమ్మా, యూదులు పందిని ముట్టరు" అన్నాడు.

"ముట్టకపోతే గేదెనైనా కొయ్యాల్సింది" అంది మా వదిన.

ఆయన ఆ ఏడు చివర్లో బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఈ కారణానికే వెళ్ళాడని నేను అనను గానీ, మా వదిన అంటుంది.

మా దగ్గర ఊపిరి ఆగినంత మాత్రాన మనిషి చచ్చిపోడు. నలతపడతాడు. చుట్టాలంతా కూడి, మొదటి గేదెని కోసి, పడమర తలపెట్టి పడుకున్నవాణ్ణి దక్షిణం తలకి తిప్పేదాకా, వెనక గదిలో ఉంటాడు. ఒళ్ళు చెడకుండా మందు పట్టిస్తాం, కాబట్టి నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. అన్నం పెడతాం, కాఫీ ఇస్తాం, బయటికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళతాం. ఎవరైనా అడిగితే కాస్త నలతగా ఉందంటాం. మా తాతలు అలాగే అన్నారు, ప్రభువుని నమ్ముకున్నాక మేమూ అలాగే అంటున్నాం. లాజరు నిద్రపోతున్నాడని ప్రభువు అంటే శిష్యులకి అర్థం కాలేదట. మాలో ఎవరైనా అక్కడ ఉంటే ఠక్కున అర్థమయ్యేది.

ఇక మా అన్న అంబే రూరా సంగతి. ఇళ్ళకి వెదురు కప్పు వేసే పనివాడు. పనిలో వంక పెట్టడానికి లేదు, కానీ నిద్రలో అంతకంటే ఘనుడు. ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర. కప్పు మీద కూర్చుని వెదురు బద్దలు అమరుస్తూ, ఆ ఏటవాలు మీదే గురక పెట్టేవాడు. కింద నిలబడ్డవాళ్ళం ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాళ్ళం. చర్చిలో మొదటి బెంచీలో కూర్చుని ప్రసంగం మొదలవకముందే నిద్రపోయేవాడు. పెళ్ళిలో, "ఈమెను భార్యగా అంగీకరిస్తున్నావా?" అని అడిగితే జవాబు లేదు. వదిన మోచేత్తో డొక్కలో పొడిచింది. ఉలిక్కిపడి, "ఆఁ, లేచాను, లేచాను" అన్నాడు. దాన్నే అంగీకారం కింద రాసుకున్నారు.

అలాంటి మనిషిని రోజూ లేపడం మా వదిన ఉద్యోగం. తెల్లారుతూనే, "లెయ్, అంబే రూరా! కాఫీ చల్లారిపోతోంది!" అని కేక. మొదటి కేకకి కోళ్ళు లేచేవి. రెండో కేకకి ఊరు లేచేది. మూడో నాలుగో కేకకి మా అన్న లేచేవాడు. దీనివల్ల నష్టపోయింది నేను. చర్చి గంట కొట్టే పని నాది. గంట అంటే పాత లారీ చక్రం రిమ్ము, దాన్ని వేలాడదీసి సుత్తితో కొడతాను. నేను వెళ్ళి సుత్తి అందుకునేసరికి ఊరంతా లేచి పళ్ళు తోముకుంటూ ఉండేది. ఇన్నేళ్ళలో నా గంటకి ఒక్కడు కూడా లేవలేదు. దీని గురించి సంఘంలో రెండుసార్లు ఫిర్యాదు చేశాను, నవ్వారు.

ఒక రోజు తెల్లారి ఎప్పటిలాగే కేక వినిపించింది. మళ్ళీ ఒకటి. తర్వాత వరసగా మూడు నాలుగు. ఆ తర్వాత ఆగిపోయింది. నేను సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. మా వదిన మెట్ల మీదికి వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది.

"తాందీ, మీ అన్నకి కాస్త నలతగా ఉంది" అంది.

ఆ రోజు నేను గంట కొట్టలేదు. ఎందుకు కొట్టలేదని ఎవరూ అడగలేదు. అంబే రూరా నాకు సొంత అన్న కాడు, పెదనాన్న కొడుకు. అయినా ఏడుపు ఆగలేదు.

నలతపడ్డవాళ్ళతో ఊళ్ళో అందరూ మెల్లగా మాట్లాడతారు. మా వదిన అది కూడా పాటించలేదు. మర్నాడు తెల్లారి మళ్ళీ అదే కేక, "లెయ్, అంబే రూరా! కాఫీ చల్లారిపోతోంది!" అని. మూడేళ్ళు ఒక్క రోజు మానలేదు. కేకలయ్యాక తనే ఆ గదిలో కూర్చుని, తన కాఫీ తను తాగి, ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. నా గురించి చెప్పినవి నాకు దడిలోంచి వినపడేవి. అవి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

ఇంకో విచిత్రం జరిగింది. బాగున్న రోజుల్లో ఎవరికీ ఏదీ కాదనని మా అన్న, నలతపడ్డాక మహా మొండివాడైపోయాడు. ఎవరైనా పెద్ద గిన్నె అడగడానికి వస్తే, "ఉండు, ఆయన్నడిగొస్తా" అని వదిన లోపలికి వెళ్ళేది. ఒక్క నిమిషం ఆగి వచ్చి, "వద్దంటున్నాడు" అనేది. చర్చి ఊడవడానికి రమ్మంటే, "పంపించనంటున్నాడు." పాటల బృందంలో పాడమంటే, "నవ్వుతున్నాడు." ఒకసారి నేను మా పందికి తవుడు అడిగితే లోపలికి వెళ్ళకుండానే, "నీకైతే అడక్కుండానే చెప్తాడు, లేదని" అంది.

పెద్దకొడుకు రూరా మకస్సార్ నగరానికి బస్సు నడుపుతాడు. వారానికి రెండుసార్లు ఇంటికి వస్తాడు. తండ్రి పోలిక, మాట తక్కువ. అలాంటివాడు కూడా చివరికి నోరు తెరవాల్సి వచ్చింది. జూలైలో కార్యం చేద్దామని చుట్టాలంతా ఒప్పుకున్నారు, గేదెలు ఎదిగాయి, రాతిగోరీ సిద్ధంగా ఉంది. పైగా ఇంటి కప్పు పాడైపోయింది. తండ్రి వేసిన కప్పే, పాతదైపోయింది. కొత్త కప్పు వేస్తే పండగ చెయ్యాలి, లోపల నలతగా ఉన్న మనిషిని పెట్టుకుని ఆ పండగ చెయ్యకూడదు. అన్నీ కుదిరాయి, ఒక్కటే కుదరలేదు. భార్య ఊఁ అనకుండా మంచం తిప్పడం మా ఇంటా వంటా లేదు. మా వదిన ఊఁ అనడం లేదు.

"వానొస్తే నాన్న మీద కారుతోందమ్మా" అన్నాడు రూరా.

"పొట్ట మీద గిన్నె పెట్టాను కదరా."

"ఎన్నాళ్ళని పెడతావు?"

"గిన్నెకేం, చాలా ఉన్నాయి. అందుకే ఎవరికీ ఇవ్వట్లేదు."

నేను నవ్వాపుకోలేక దగ్గు నటించాను. రూరా నా వంక కోపంగా చూశాడు. "బాబాయ్, నువ్వు చెప్పు" అన్నాడు.

"నేనేం చెప్తానురా? మీ అమ్మ నన్ను ఎప్పుడు మాట్లాడనిచ్చింది గనక?" అన్నాను. అది అబద్ధం కాదు.

వదిన లేచి లోపలికి వెళ్ళింది. మాకు గుసగుసలు వినిపించాయి. బయటికి వచ్చి, "కాఫీ గింజలు కోత అయ్యాక చూద్దాం అంటున్నాడు" అంది. రూరా తువ్వాలు భుజాన వేసుకుని బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తండ్రికి మర్యాదగా వీడ్కోలు చెప్పలేకపోయానే అన్న బాధ వాడిది. తల్లి బాధ తల్లిది. ఎవరిది ఎక్కువ అని తూచడానికి నేనెవర్ని?

అప్పటికి మా ఊరికి కొత్త పాస్టరమ్మ వచ్చింది. పేరు తబితా. వయసు చిన్నది, మోటారు సైకిలు మీద తిరుగుతుంది, జామపండ్లంటే ఇష్టం. రూరా వెళ్ళి ఆమెతో మొరపెట్టుకున్నాడు. ఆ ఆదివారం ఆమె సమాధానపరిచే ప్రసంగం ఒకటి తయారు చేసుకొచ్చింది. విశ్వాసికి చావు లేదు, అది నిద్ర మాత్రమే, కాబట్టి మనవాళ్ళని నిశ్చింతగా మట్టికి అప్పగించాలి అంది. బాగానే చెప్పింది. చెప్పి మా వదిన వైపు చూసి చిరునవ్వు నవ్వింది. అదే పొరపాటు.

మా వదిన బెంచీలోంచి లేచి నిలబడింది. "పాస్టరమ్మా, నిద్రే కదా?"

"నిద్రే పెద్దమ్మా."

"నిద్రపోయేవాళ్ళని పాతిపెడతారా మీ ఊళ్ళో?"

 వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది నేనే.

"నువ్వు మాత్రం!" అంది వదిన, ఇంకా నిలబడే. "నీ పేరే తబితా. బైబిల్లో చచ్చిందని పైగదిలో పడుకోబెడితే లేచి కూర్చున్నావిడ పేరు. ఆవిణ్ణి కూడా తొందరపడి పాతేసి ఉంటే? నీకు ఈ పేరు పెట్టేవాళ్ళా?"

పాస్టరమ్మ తడబడింది. ఏ పాటో పాడదాం అంది. పాట సంఖ్య తప్పు చెప్పింది. మేం క్రిస్మస్ పాట పాడాం, మే నెలలో.

అయినా ఆ పిల్ల మొండిఘటం. సాయంత్రం జామపండ్లు పట్టుకుని వదిన ఇంటికి వచ్చింది. దడి ఇవతల నేను కత్తికి పదును పెట్టుకుంటున్నాను. కత్తి అప్పటికే పదునుగా ఉంది. ముందు వెనక గదిలోకి వెళ్ళి, "పెదనాన్నగారూ, బాగున్నారా? నేను తబితాని" అని పలకరించి, తర్వాత వచ్చి గడప మీద కూర్చుంది. ఆ పలకరింపుతో వదిన సగం మెత్తబడి కాఫీ పోసింది.

"పెద్దమ్మా, పొద్దున నేను సరిగ్గా చెప్పలేకపోయాను."

"నువ్వు సరిగ్గానే చెప్పావు. నేను సరిగ్గా పట్టుకున్నాను."

"ప్రభువు లాజరు నిద్రపోతున్నాడన్నాడు కదా. ఆ మాట లాజరు ఎలా ఉన్నాడో చెప్పడానికి అన్నది కాదు పెద్దమ్మా. లాజరు ఎలా ఉన్నాడో ఆయనకి తెలుసు, తర్వాత విడమరిచి చెప్పాడు కూడా. అది లేపేవాడి సంగతి చెప్పే మాట. మనం ఎంత అరిచినా లేవనివాణ్ణి లేపడం ఆయనకి, నిద్రపోయేవాణ్ణి లేపినంత తేలిక. నిద్ర అంటే అర్థం అదీ. లేపే పని మన చేతుల్లోంచి ఆయన చేతుల్లోకి వెళ్ళిందని."

వదిన జామపండు కొరికి కాసేపు నమిలింది. "నలభై ఏళ్ళు లేపాను నేను. ఆ పనికి ఇంకొకళ్ళని పెట్టమని నేనెవర్నీ అడగలేదు" అంది. కొంచెం ఆగి, "పండు పుల్లగా ఉంది" అని కూడా అంది. పాస్టరమ్మ నవ్వుతూనే లేచి వెళ్ళింది గానీ, మోటారు సైకిలు స్టార్టు చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

జూన్ మొదట్లో వానలు దంచాయి. వెనక గదిలో గిన్నెలు మారుస్తూ తడిసి తడిసి మా వదిన జలుబు తెచ్చుకుంది. జలుబు గొంతులోకి దిగింది. ఒక రోజు తెల్లారి ఆవిడ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ పొద్దున మా ఊరి పరిస్థితి చూడాలి. ఎవరూ లేవలేదు. బడి పంతులు ఆలస్యం, పట్నం వెళ్ళే జీపు ఖాళీగా వెళ్ళిపోయింది, పాలడబ్బాలు కొనేవాళ్ళు లేక కొట్టువాడు గల్లా మీదే కునికాడు. నా అదృష్టం పండిందనుకుని సుత్తితో రిమ్ము పగిలేలా కొట్టాను. ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. ఒక కుక్క మాత్రం వచ్చి చూసి వెళ్ళింది.

సుత్తి కింద పెడుతుండగా మా వదిన మెట్ల మీది నుంచి చెయ్యి ఊపింది. దగ్గరికి వెళ్ళాను. గొంతు చూపించింది, తల అడ్డంగా ఊపింది, కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టింది, వెనక గది వైపు వేలు చూపించింది. నాకు అర్థం కానట్టు నటించాను. ఆవిడ నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

గదిలో చీకటిగా ఉంది. నాఫ్తలీను ఉండల వాసన, తడిసిన వెదురు వాసన. మా అన్న ఎర్ర గుడ్డల చుట్టలో పడమర తలపెట్టుకుని ఉన్నాడు. పొట్ట మీద గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. నేను చాలాసార్లు వచ్చి పలకరించినవాణ్ణే. కానీ లేపమని ఎవరూ అడగలేదు.

"అన్నా, లే" అన్నాను మెల్లగా.

వదిన నా వీపు మీద ఒకటి చరిచింది. గట్టిగా అని సైగ.

"అన్నా! లెయ్యి!"

ఇంకోటి చరిచింది. ఇంకా గట్టిగా.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నా గంటని మింగేసిన ఆడమనిషి, ఇప్పుడు నా వీపు వాయగొడుతోంది. ఊపిరంతా బిగబట్టి, "లెయ్, అంబే రూరా! కాఫీ చల్లారిపోతోంది!" అని ఒక్క కేక పెట్టాను. గోడలు అదిరాయి. బయట కోళ్ళు కొక్కొక్కోమన్నాయి. నాలుగిళ్ళ అవతల ఎవరో, "లేచాం, లేచాం" అన్నారు.

తర్వాత ఏ శబ్దమూ లేదు. గిన్నెలో చుక్కలు పడడం తప్ప.

నేను వదిన వైపు తిరిగాను. ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. అప్పుడు తెలిసింది నాకు. ఈ మూడేళ్ళూ ఆవిడ కేక పెట్టి, ఆ వెంటనే ఇంకో కేక పెట్టి, ఆ వెంటనే కబుర్లు మొదలుపెట్టేది. కేక తర్వాత ఆ గదిలో ఏముంటుందో ఆవిడ ఎప్పుడూ వినలేదు. తన గొంతే అడ్డం. ఈ రోజు ఇంకొకడు అరిచాడు, ఆవిడ చెవులు ఖాళీగా ఉన్నాయి. కోళ్ళు లేచాయి, ఊరు లేచింది, ఆయన లేవలేదు.

 కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టాను. వదిన వచ్చి చాప మీద కూలబడి, ఆ ఎర్ర గుడ్డ మీద చెయ్యి వేసింది. ఏడుపుకి కూడా గొంతు లేదు. భుజాలు మాత్రం కదిలాయి. చాలాసేపయ్యాక నా వైపు చూసి, పెదవులతో ఏదో అంది. వంగి విన్నాను.

"ఎంత మొద్దు నిద్రో చూడు" అంటోంది.

ఆ సాయంత్రం పాస్టరమ్మని పిలవమని నన్నే పంపింది. పాస్టరమ్మ పండ్లు తేలేదు, పుల్లగా ఉంటాయేమోనని భయం. వదిన పక్కన కూర్చుంది. వదిన గొంతు కాస్త పెగిలింది, పిల్లి గీరినట్టు.

"ప్రభువు కేకేశాడు కదా. లాజరుని."

"పెద్ద కేక."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టే."

"తొరాజా పేర్లు పలకడం వచ్చా ఆయనకి?"

పాస్టరమ్మ నవ్వబోయి వదిన ముఖం చూసి ఆగిపోయింది. "వచ్చు పెద్దమ్మా. మీ అసలు పేరు కూడా తెలుసు" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. వదినకి కూడా నచ్చినట్టే ఉంది, ఎందుకంటే వెంటనే మాట మార్చేసింది.

"నా గొంతు అయిపోయింది. ఇన్నాళ్ళూ నా పనేననుకున్నాను" అంది. తర్వాత వెనక గది వైపు చూసింది. ఈసారి లోపలికి వెళ్ళి అడగలేదు. "ఊఁ" అంది. అంత చిన్న ఊఁ కోసం రూరా మూడేళ్ళు బస్సు నడిపాడు.

జూలైలో కార్యం జరిగింది. పెరట్లో వెదురు పాకలు లేచాయి, బస్సులో చుట్టాలు దిగారు, మేనమామలు అందరూ వచ్చారు. పందుల్ని వెదుళ్ళకి కట్టి మోసుకొచ్చిన కుర్రాళ్ళలో ఒకప్పటి ప్రశ్నల పోటీ జట్టు మొత్తం ఉంది, ఇప్పుడు మీసాలతో. వాళ్ళలో ఒకడు వదిన ముందు పందిని దించి, "పిన్నీ, ఇదిగో. ఈసారి ప్రభువు ఏడవక్కర్లేదు" అన్నాడు. వదిన వాడి చెవి మెలేసి, కళ్ళు తుడుచుకుంది.

మంచం తిప్పే వేళ అందరం గదిలోకి వెళ్ళాం. మొదటి గేదె పెరట్లో పడిందని కబురొచ్చింది. రూరా తలవైపు పట్టాడు, నేను కాళ్ళవైపు పట్టాను. పడమర నుంచి దక్షిణానికి మెల్లగా తిప్పాం.  పాస్టరమ్మ చిన్న ప్రార్థన చేసింది. ఇక మీదట నలత అన్న మాట ఆ ఇంట్లో లేదు. రూరా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇప్పుడు భార్య గట్టిగా ఏడుపు అందుకోవాలి, ఆచారం. ఊరంతా బయట చెవులు రిక్కించుకుని ఉంది, ఎందుకంటే గొంతు తిరిగొచ్చింది, ఆ గొంతు సంగతి అందరికీ తెలుసు.

ఆవిడ ఏడవలేదు. ఆయన తల దగ్గరికి వంగింది. నలభై మూడేళ్ళలో ఆ ఇంట్లోంచి ఎవరూ వినని మాట అంది, మెల్లగా, పసిపిల్లవాడితో అన్నట్టు.

"సరే, పడుకో" అంది.

 వదిన ఎర్ర గుడ్డ ముడతలు సర్దింది, లేచి నిలబడింది, కొంగుతో ముక్కు తుడుచుకుని గుమ్మం దాటబోయింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి పాస్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో తబితా, నువ్వు రోజూ ప్రభువుతో మాట్లాడతావు కదా, ఒక మాట చెప్పి ఉంచు. లాజరుకి ఒక్క కేక సరిపోయిందేమో. ఈయన అలాంటివాడు కాదు. కనీసం నాలుగు వెయ్యమను."